అక్క మాట తమ్ముడి నోట

బడి నుంచి కూతురి టీసీ తీసుకురావడానికి సంజీవ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేసరికి నవీన గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. వీపు తలుపుకు ఆనించి, కాళ్లు చాపి, కొంగు నడుముకు దోపుకుని. కింద కంపెనీ పికప్ డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

లేవమన్నాడు. లేవలేదు. మళ్లీ లేవమన్నాడు. ఈసారి కాళ్లు ఇంకొంచెం ముందుకు చాపింది.

"నన్ను దాటి పో. పోయి నా బిడ్డ పేరు బళ్లెకెల్లి కొట్టేపిచ్చుకొని రా. నేనైతే లెవ్వ."

"పొద్దుగాల్నే లొల్లి వెట్టకు నవీనా. ఇయ్యాల బుధారం. ఇయ్యాలటికి మనంతట మనం తీస్కోకుంటె వాళ్లే పేరు కొట్టేస్తరు. గప్పుడు గా కాయిదం గూడ చేతికి రాదు. అది లేకుంటె హైద్రాబాద్ల చెవిటోళ్ల బడి గూడ తీస్కోదు."

చెవిటోళ్ల బడి అన్న మాట ఆ ఇంట్లో పైకి వినపడటం అదే మొదటిసారి. వారం రోజులుగా మొగుడూ పెళ్లాల మధ్య అది నలుగుతూనే ఉంది గాని నోటితో ఎవరూ అనలేదు. అనేయగానే ఇద్దరూ ఒక్కసారే గది మూలకు చూశారు.

అక్కడ మంచం మీద కూర్చుని సంగీత తమ్ముడి స్కూలు చొక్కాకు ఊడిపోయిన గుండీ కుడుతోంది. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఎత్తదు. ఎనిమిదేళ్లుగా ఆ సంగతి తెలిసి కూడా తల్లీతండ్రీ ప్రతిసారీ గొంతు తగ్గించుకుంటూనే ఉంటారు. ఆ అలవాటు పోలేదు, పోతుందని కూడా నాకు నమ్మకం లేదు.

సంగీతకు పన్నెండేళ్లు. నాలుగో ఏట ఆర్మూరు పక్కన వాళ్ల ఊళ్లో మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, చెవులు పోయాయి. చెవి మిషను కొని పెట్టారు గాని, గుయ్యిమనే మోత తప్ప మాట వినపడలేదు. జితేందర్ ఆ పిల్ల తమ్ముడు, పదేళ్లవాడు. ఇద్దరూ చదివేది మాత్రం ఆరో తరగతే.

అది ఎలా జరిగిందో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మస్కట్ రావడానికి పాస్‌పోర్టు చేయించినప్పుడు పిల్లలిద్దరినీ తల్లి పాస్‌పోర్టులోనే ఎక్కించారు. నిజామాబాద్ ఏజెంటుకు ఏ తొందర పనుందో, ఇద్దరికీ ఒకటే పుట్టినరోజు రాసి పడేశాడు. ఇంకెవరైనా అయితే ఆఫీసుల చుట్టూ తిరిగి దిద్దించుకునేవాళ్లు. నవీన మాత్రం ఆ పేజీని చాలాసేపు చూసి, ఇదీ మంచిదే అంది. కవలలని చెప్పి ఇద్దరినీ ఒకే తరగతిలో వేసింది. చేర్చుకునేరోజు టీచరమ్మ అక్కను పేరడిగితే తమ్ముడు చెప్పాడు. మా అక్కకు సిగ్గు మేడమ్ అన్నాడు. అంతే, ఐదేళ్లు నడిచిపోయింది.

ఐదేళ్లూ వాడు అక్క పక్కనే కూర్చున్నాడు. టీచరు చెప్పింది బల్ల కింద చేతులతో అక్కకు చెప్పాడు. బోర్డు మీదిది ఆ పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంది. కొందరు టీచర్లు కనిపెట్టే ఉంటారు. అల్లరి చేయని పిల్ల, అందంగా రాసే పిల్ల, పోనీలే అని ముఖం పక్కకు తిప్పుకుని ఉంటారు.

ఈ ఏప్రిల్‌లో ఆరో తరగతి వచ్చింది. ఆరు నుంచి ఆ బడిలో మగపిల్లలు ఏ సెక్షను, ఆడపిల్లలు బి సెక్షను. సంగీత మొదటిసారి ఒంటరిగా కూర్చుంది. జితేందర్ క్లాసులో నీళ్లని, బాత్రూమని అడిగి లేచి వచ్చి బి సెక్షను కిటికీ బయట నిలబడి సైగలు చేసేవాడు. పోయినవారం ప్రిన్సిపాల్‌కే పట్టుబడ్డాడు. ప్రిన్సిపాల్ సంగీతను పిలిచి నాలుగు మాటలు అడిగారు. ఆ పిల్ల నవ్వింది. ఇంకో నాలుగు అడిగారు. అప్పుడూ నవ్వింది.

"ఎవలు జెప్పమన్నరు నిన్ను కవలలని?" అన్నాడు సంజీవ్ ఇప్పుడు, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడి. "మోసం జేసిండ్రు అని నా మొకం మీదనే అన్నడు పెద్దసారు. పదిమందిల నేను తల దించుకొని నిలవడ్డ."

"గా దినం నువ్వు నవ్వినవ్. నవీనా, నీ తెలివే తెలివి అన్నవ్. నవ్విందిద్దరం. తల దించుకునుడు నువ్వొక్కనివేనా?"

కింద హారన్ ఆగిపోయింది. డ్రైవరు విసిగి వెళ్లిపోయినట్టున్నాడు. సైట్‌లో ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఏం చెప్పాలో కూడా ఇప్పుడు అతనికి తోచలేదు.

నవీన నమ్ముకున్నది ఒక్కదాన్నే. నెల కిందట ఊరి నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన పచ్చడి సీసాకు చుట్టిన తెలుగు పేపరు. ఢిల్లీలో కొత్త చట్టం వచ్చిందని, వికలాంగ పిల్లలెవరికైనా పద్దెనిమిదేళ్లు నిండేదాకా తగినచోట ఉచితంగా చదువు చెప్పించే పూచీ ప్రభుత్వాలదేనని అందులో ఉంది. నూనె మరకను తవుడుతో రుద్ది, ఆరబెట్టి, ఆ ముక్కను దేవుడి పటం వెనక దాచుకుంది. ఇక తన బిడ్డను ఎవరూ ఏమీ చేయలేరనుకుంది. పాపం, చట్టం అంటే ఎక్కడున్నా మనవెంట వచ్చేదని అనుకుంది.

సంజీవ్ ఆ ముక్క పట్టుకుని తిరగని చోటు లేదు. ఎంబసీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చట్టం మంచిదేనని, అయితే అది మన దేశం లోపలి బళ్లకేనని, ఇక్కడి బళ్లు ఈ దేశం లైసెన్సుతో నడుస్తాయని మర్యాదగానే చెప్పారు. ఇండియాలో చెవిటి పిల్లల బళ్ల అడ్రసులు కొన్ని రాసిచ్చారు. ఈ దేశం వాళ్ల బడి కూడా ఒకటి ఉందట, కాని అక్కడ చదువు అరబ్బీలో. ముందు సొంత పిల్లలకే సీట్లు సరిపోవని గేటు దగ్గరే తెలిసింది. అక్కడి చట్టం ఇక్కడికి రాదు, ఇక్కడి చట్టం మనవాళ్లకు కాదు. ఆ రెండింటి నడుమ సంగీత కూర్చుని గుండీ కుడుతోంది.

"హైద్రాబాద్ల దింపితె తప్పేంది?" అన్నాడు సంజీవ్ మెత్తగా. "ఆడ దానసుంటి పిల్లలే ఉంటరు. నేర్పెటోళ్లు ఉంటరు."

"మరి నేనేడ ఉండాలె? దాంతోని నేను పోతె ఈడ వీసా పోతది. నువ్వు మల్ల బ్యాచిలర్ రూముకు పోతవు. పోరడు ఎవలి దిక్కు? నేను పోకుంటె అది ఒక్కతే హాస్టల్ల. దాని సైగలు ఆడ ఎవలికి ఎరుక? అది నేనూ, తమ్ముడూ, అదీ ఇంట్ల కూసోని చేసుకున్న సైగలు. కడుపు నొస్తె ఎట్ల జెప్తది? భయమైతె ఎట్ల జెప్తది?" మొగుడి వైపు వేలు చూపింది. "నీకే సగం తెల్వయి."

ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. నిజమే కాబట్టి మరీ అనకుండా ఉండాల్సింది. పిల్లలు లేవకముందే సైట్‌కు పోయి, వాళ్లు పడుకునే వేళకు వచ్చే మనిషికి కూతురి సైగల్లో అన్నం, నీళ్లు, మంచిది, ఒద్దు తప్ప ఏమీ తెలియవు. ఆ నాలుగు మాటలతోనే ఇన్నేళ్లూ కూతురిని ప్రేమించాడు. సంజీవ్ ముఖం కడుక్కోవడానికని లేచి వెళ్లి, కుళాయి తిప్పకుండా బాత్రూములోనే నిలబడ్డాడు.

అప్పుడే వజీరున్నీసా వచ్చింది. ఆ ఫ్లాటులో రెండు గదులు వీళ్లవి, రెండు వాళ్లవి, వంటిల్లు ఉమ్మడి. కడప మనిషి. మొగుడు ఇక్బాల్ రూవి బజారులో డబ్బు పంపే ఎక్స్ఛేంజిలో గుమాస్తా. ఫోను వాళ్ల గదిలోనే ఉంది గనుక ఈ ఇంటి మంచీచెడూ ముందు ఆమెకే తెలుస్తుంది.

"ఏమ్మే నవీనా, దారిలో కూర్చోనుండావే, లెయ్ లెయ్" అంది. "ఇస్రాయేలు మాస్టరు ఫోను చేసినాడు. పెద్దసారును ఒప్పించినాడంట. పదకొండుకు కమిటీవాళ్లు ఇద్దరు వస్తాండారంట. పిల్లోళ్లను ఎంటబెట్టుకోని రమ్మన్నాడు. టీసీ మాట అప్పుడు దంకా ఎత్తొద్దని చెప్పినాడు."

ఇస్రాయేలు ఆ బడిలో లెక్కలు చెప్పే ఒంగోలు మాస్టరు, అక్కడున్న ఒకే ఒక్క తెలుగు మనిషి. వారం రోజులుగా వీళ్ల తరఫున ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరుగుతున్నది ఆయనొక్కడే. నవీన గుమ్మంలో కూర్చునే రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియకుండానే.

తరువాత ఇంట్లో ఒకటే హడావిడి. సంజీవ్ చొక్కా మార్చాడు. సంగీతకు రెండు జడలు వేసి రిబ్బను కట్టారు. జితేందర్ స్నానం చేసి వచ్చి చొక్కా గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే నవీన దగ్గరికి లాగి తనే పెట్టబోయింది. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పట్టి ముందుకు లాగింది.

రెండు అరచేతులూ ఉబ్బి ఉన్నాయి. వేళ్ల మొదట్లో చర్మం నల్లగా కమిలింది. ఒకనాటి దెబ్బ కాదది. పాతది మానకముందే కొత్తది పడ్డ చేతులు.

ఎవరు కొట్టారని అడిగింది. పడ్డానన్నాడు. రెండు అరచేతుల మీదా పడ్డావా అంది. ఊఁ అన్నాడు. కిటికీ దగ్గర నిలబడినందుకా అని అడిగితే తల వంచుకున్నాడు.

"ఎన్నిసార్లు కొట్టిండ్రు బిడ్డా?"

"ఏం గాదమ్మా. దగ్గర్కి పోయి సైగ జేసేదాంక కొట్టలే. అయిపోయినంకనే కొట్టిండ్రు. అక్కకు లెసన్ మొత్తం జెప్పిన."

ఆ మాట వాడు ఊరట చెప్పడానికే అన్నాడు. కొట్టిందెవరో చెప్పమని నవీన వాడి భుజం పట్టి కుదిపింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

సంగీత అటు నుంచి చూస్తూనే ఉంది. రిబ్బను వదిలేసి వచ్చి తల్లి ముందు నిలబడి చేతులెత్తింది, చెప్పడానికి. జితేందర్ గబుక్కున తిరిగి అక్క చేతులు రెండూ పట్టుకుని కిందికి నొక్కేశాడు. ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ సంగీత చేతులు అలా పట్టుకోలేదు. చేతులు పట్టుకుంటే నోరు మూసినట్టేనని వాళ్లందరికీ తెలుసు. వాడికి అందరికన్నా బాగా తెలుసు.

అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు చూసుకుంటూ అలాగే నిలబడ్డారు. టాక్సీ వచ్చిందని వజీరున్నీసా అప్పుడే కేకేసింది. నవీన వాడి చేతులకు కొబ్బరినూనె రాసి, ఇద్దరినీ ముందుకు తోసింది. ఆ క్షణాన ఆగి అడిగి ఉండాల్సింది. కాని పదకొండు కావస్తోంది, ఆమెకు అప్పుడు కావలసింది ఒక్కటే, బిడ్డ పేరు రిజిస్టరులో మిగలడం.

మే నెల ఎండ ఆ ఊళ్లో కొండల మీద పడి మళ్లీ మనుషుల మీదికి వస్తుంది. బడి మెట్లు ఎక్కేసరికి నలుగురి బట్టలూ తడిసిపోయాయి. లోపల ఏసీ చల్లదనానికి సంగీత వణికింది.

ప్రిన్సిపాల్ మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. ఆయన్ను దుర్మార్గుడిగా చూపించగలిగితే నాకు ఈ కథ చెప్పడం సులువయ్యేది. కాదు. బల్లకు ఒకవైపు ఆయన, పక్కన కమిటీవాళ్లు ఇద్దరు. ఒకాయన బ్యాంకు ఆఫీసరు, ఇంకొకాయన కాంట్రాక్టరు. ఇద్దరి పిల్లలూ ఆ బడిలోనే చదువుతున్నారు. ఇవతల వైపు నవీన వాళ్లు నలుగురు. మధ్యలో నిలబడి అటు ఇంగ్లీషు, ఇటు తెలుగు చెప్పడానికి ఇస్రాయేలు మాస్టరు. కళ్లద్దాలను నల్లతాడుకు కట్టి మెడలో వేలాడదీసుకున్నాడు. చదవాల్సి వస్తే పైకి ఎత్తి పెట్టుకుంటాడు.

నవీన పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. మాస్టరు దాన్ని మొదట తెలుగులో, తరువాత ఇంగ్లీషులో చదివాడు. ప్రిన్సిపాల్ మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నారు. ఇలాంటి చట్టం ఎప్పుడో రావలసిందన్నారు. అయితే ఈ బడి ఆ చట్టం కిందికి రాదన్నారు. వచ్చినా తరగతికి నలభైమంది పైన ఉన్నారని, ఇలాంటి పిల్లలకు చెప్పడం నేర్చుకున్న టీచరు తమ దగ్గర ఒక్కరూ లేరని, ఆ పిల్లను ఊరికే కూర్చోబెట్టడం కూడా అన్యాయమేనని అన్నారు. మొదటిరోజే నిజం చెప్పి ఉంటే ఏదో ఒక దారి వెతికేవాళ్లమన్నారు.

నిజం చెప్పి ఉంటే చేర్చుకునేవారా అని నవీన అడిగింది. ఇస్రాయేలు మాస్టరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి కొంచెం తటపటాయించి, మార్చాడు. ప్రిన్సిపాల్ బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. కాంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు.

అప్పుడు ఇస్రాయేలు మాస్టరు తనే మాట్లాడాడు. ఈ పిల్లను తనకు వదిలిపెట్టమన్నాడు. రోజూ బడి అయిపోయాక గంటసేపు తన దగ్గర కూర్చోబెట్టుకుని ఆ రోజు పాఠాలన్నీ రాసి చూపిస్తానన్నాడు. అర్ధసంవత్సరం పరీక్షల్లో తప్పితే తనే టీసీ తీసుకెళ్లి ఇంట్లో ఇస్తానన్నాడు. జీతం పెంచమని అడగనన్నాడు.

సంజీవ్‌కు ఇంగ్లీషు కొద్దిగానే తెలుసు, అయినా అర్థమైంది. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బ్యాంకాయనా కాంట్రాక్టరూ ఏదో గుసగుసలాడుకున్నారు. చివరికి బ్యాంకాయన, తమకు అభ్యంతరం లేదన్నాడు. అయితే ఇంతసేపూ అందరం మాట్లాడాం గాని ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు, ఇష్టం లేని పిల్లను రోజుకు గంట ఎక్కువ కూర్చోబెడితే ఎవరికి లాభం, ఆమె సరేనంటే ఉంచుకుందాం అన్నాడు. ఎనిమిదేళ్లలో సంగీతను అడుగుదామన్న మొదటి మనిషి ఆయనేనేమో.

జితేందర్ అక్క వైపు తిరిగి సైగ చేశాడు. ఇక్కడే చదువుకుంటావా, సారు దగ్గర కూర్చుంటావా అని సరిగ్గానే అడిగాడు. నవీన చూసింది.

సంగీత లేచి నిలబడింది. అందరినీ ఒకసారి చూసింది. కొత్తవాళ్లకు అర్థం కావాలనుకున్నప్పుడు చేసినట్టు, నెమ్మదిగా, ఒక్కొక్క సైగా విడివిడిగా చేసింది.

మెడ వెనక నుంచి రెండు చూపుడువేళ్లనూ కిందికి తెచ్చి గుండె మీద కలిపింది. మెడలో వేలాడే తాడు. ఆ గదిలో అలాంటి తాడు ఒక్కరి మెడలోనే ఉంది. తరువాత స్కేలు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి తన అరచేతి మీద కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. ఇంకా కొట్టుకుంటూనే ఉంది. తమ్ముడిని చూపించింది. చివరికి రెండు చేతులతో ముందున్నదాన్ని దూరంగా నెట్టేసి, తల అడ్డంగా ఊపింది.

మెడలో తాడున్న సారు తమ్ముడిని కొడతాడు. చాలాసార్లు కొట్టాడు. నాకోసం వాడు దెబ్బలు తినొద్దు. నాకు ఈ బడి ఒద్దు.

సంజీవ్‌కు అందులో ఆఖరిదైనా అర్థం కావాలి. కాని అతను ఆ సమయానికి తల వంచుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

జితేందర్ గొంతు సవరించుకున్నాడు. చక్కని ఇంగ్లీషులో, బడిలో పద్యం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. మా అక్క ఇక్కడే చదువుకుంటానంటోంది. సారు దగ్గర కూర్చుంటుందట. కష్టపడి చదువుతుందట. అందరికీ థాంక్స్ చెప్పమంది.

నవీనకు ఇంగ్లీషు రాదు. కాని కొడుకు ముఖంలోని ధైర్యం చూసి, ఇటున్న మాటకూ అటు చేరిన మాటకూ పొంతన లేదని తెలిసిపోయింది. వాడు చెప్పడం ముగించి తల్లి వైపు చూశాడు. నోరు విప్పకమ్మా అని ఆ చూపు బతిమాలింది.

ఇస్రాయేలు మాస్టరు ముఖం పాలిపోయింది. కిటికీ దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి క్రమశిక్షణ పేరుతో ఎన్నిసార్లు కొట్టాడో, ఎందుకు నిలబడ్డావని ఒక్కసారైనా అడిగాడో లేదో ఆయనకే తెలియాలి. ఆ పిల్ల చేసింది ఆయనకు అర్థమైందో లేదో కూడా చెప్పలేం. చేసినదానికి కుమిలి ఇంత సాయానికి వచ్చాడో, అసలు ఆ సంగతే మరిచిపోయి వచ్చాడో నవీన తేల్చుకోలేకపోయింది.

బ్యాంకాయన మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు. అమ్మాయి అంతసేపు చెప్పిందే, తమ్ముణ్ణి కూడా చూపించిందే, ఇంతేనా అన్నాడు. తల్లికి ఈ సైగలు తెలుసుగా, ఆమెను అడగండి అన్నాడు.

మాస్టరు నవీన వైపు తిరిగాడు. మెడలోని తాడును వేళ్లతో పట్టుకున్నాడు.

"అమ్మా, పాప అన్నది అదేనా? బాబు చెప్పినట్టు, ఇక్కడ చదువుకుంటానని అందా? మీరు ఏది చెబితే నేను వాళ్లకు అదే చెబుతాను."

నవీన మనసులో లెక్క వేసుకుంది. నిజం చెబితే ఈ మనిషి తలవంచుకుని పక్కకు తప్పుకుంటాడు. ఆయన తప్పుకుంటే ఈ బల్ల అవతల తన బిడ్డ కోసం మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు. మధ్యాహ్నానికి టీసీ చేతిలో ఉంటుంది. వచ్చే నెలకు సంగీత ఎక్కడో హాస్టలు గదిలో, తన చేతులు అర్థం కాని వాళ్ల మధ్య. నిజం చెప్పకపోతే సీటు మిగులుతుంది. కొడుకును కొట్టిన మనిషి దగ్గర కూతురిని కూర్చోబెట్టి రావాలి. ఇంత దిక్కులేనితనం ఆమె ఇంతకుముందు ఎరగదు, జ్వరంలో పిల్ల చెవులు పోయిన రోజున కూడా ఎరగదు.

సంగీత తల్లి పెదవులనే చూస్తోంది. మాటలు వినపడని ఆ పిల్లకు ఈ లోకంలో చదవడం వచ్చిన పెదవులు ఆ రెండే. ఆ పెదవులు చూపించే నవీన ఆమెకు అ ఆలు నేర్పింది. కూతురు చూస్తుండగా ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడటం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు.

ఇప్పుడు తిప్పుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవ్ సార్. గదే అన్నది."

మాస్టరు కళ్లు దించుకుని దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ప్రిన్సిపాల్ ఊపిరి వదిలి, అర్ధసంవత్సరం దాకా చూద్దామన్నారు. రెండు రోజుల సెలవు తరువాత, శనివారం నుంచి రమ్మన్నారు. సంజీవ్ లేచి అందరికీ నమస్కారాలు పెట్టాడు, మాస్టరు చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. అది చూడలేక జితేందర్ గోడ వైపు తిరిగాడు.

వచ్చేటప్పుడు సంజీవ్ కోల్డ్ స్టోర్ అనే చిన్న కొట్టు దగ్గర టాక్సీ ఆపించి అందరికీ మామిడిరసం తెచ్చాడు. వారం తరువాత మొదటిసారి నవ్వాడు. మన నవీన గుమ్మంలో కూర్చోబట్టే ఇదంతా అయిందని, లేకుంటే తను పొద్దున్నే టీసీ తెచ్చేవాణ్ణని టాక్సీ డ్రైవరుకు హిందీలో చెప్పుకున్నాడు. నవీన కొంగు నోటికి అడ్డంగానే పట్టుకుని ఉంది.

ముందుసీటులోంచి జితేందర్ వెనక్కి తిరిగి అక్కకు ఏదో సైగ చేశాడు. సంగీత కిటికీలోంచి కొండలు చూస్తోంది. వాడు చెయ్యి చాచి ఆమె మోకాలు తట్టాడు. తిరిగి చూసింది, మళ్లీ కొండల వైపు తిరిగింది.

ఇంటికి రాగానే వజీరున్నీసా ఎదురొచ్చి విషయం విని, అల్లా దయ అంటూ సేమియా వండటానికి పరుగెత్తింది. నవీన చీర కూడా మార్చుకోకుండా, సంగీత కూర్చున్న మంచం ముందు కింద కూర్చుంది. కూతురి ముఖం తన వైపు తిప్పుకుని, పెదవులు బాగా కదిలిస్తూ, చేతులతో కూడా అడిగింది. ఆకలైతున్నదా బిడ్డా, కోపం వచ్చిందా, అమ్మ ఎందుకట్ల చేసిందో చెప్పాల్నా అని.

సంగీత తల్లి పెదవుల వైపు చూడలేదు. రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చుంది. నవీన వాటిని బయటికి తీయబోయింది. పన్నెండేళ్ల పిల్లకు అంత బలం ఎక్కడిదో, రాలేదు.

సాయంత్రం అన్నానికి పిలిచినప్పుడూ ఆ చేతులు కదల్లేదు. జితేందర్ ముద్ద కలిపి నోటికి అందిస్తే తింది. ఒద్దు అన్న సైగ కూడా చేయలేదు.